సింధూర వేళ్లకంటిన మందు

2024 ఏప్రిల్ 14, ఆదివారం
వ్రతం చేయిస్తూ ఇవాళా మధ్యలో లేచాను. పురోహితుడే లేచిపోతే పీటల మీద దంపతులేం చేస్తారు, మొహాలు చూసుకున్నారు. సాయంత్రం తాడేపల్లిగూడెంలో యూరాలజిస్టుకి చూపించుకున్నాను. ప్రోస్టేట్ బాగా పెరిగిందట. ఒకే క్యాప్సూల్‌లో రెండు మందులు. ఒకటి మూత్రం దారి వదులు చేస్తుంది, రెండోది నెలల మీద వాపు తగ్గిస్తుంది. ఆపరేషన్ మాట ఎత్తలేదు. బతికాను.

ఏప్రిల్ 19, సాయంత్రం 5
అమ్మాయి సింధూరకి మూడో నెల. వేవిళ్లని ఏలూరు నుంచి మా దగ్గరికొచ్చింది. నాన్నగారూ, మీ మందులు నేను సర్దుతానండీ అని కూర్చుంది. ఎండకి మెత్తబడ్డాయేమో, ఒకటి చిట్లి వేళ్లకి జిడ్డంటింది. చున్నీకి తుడుచుకుంది.

అదే రోజు, 6
మిగతావి వాడొచ్చా అని డాక్టరుగారికి ఫోన్ చేశాను. మాటల్లో అమ్మాయి సంగతి వచ్చింది. ఆయన గొంతు మారింది. చెయ్యి సబ్బుతో కడుక్కున్నారా అన్నారు. రెండో మందు చర్మంలోంచి ఒంట్లోకి పోతుందట. కడుపులో ఉన్నది మగబిడ్డయితే అంగం సరిగా ఏర్పడకపోవచ్చట, మూత్రం రంధ్రం కొసన కాక కిందికి రావచ్చట. ఒక్కసారి అంటినదానికి అంత భయం లేదండీ, ఇక ముట్టుకోనివ్వకండి, వాళ్ల డాక్టరమ్మకి మాత్రం చెప్పండి అన్నారు.
అంత లేదట. ఎంత ఉందో చెప్పలేదు.
పెరట్లో పిల్ల చెయ్యి పట్టుకుని సబ్బు రుద్దాను. ఏమైందండీ అంటోంది. మళ్లీ సబ్బు అందుకున్నాను.

ఏప్రిల్ 20
కూతురితో ఆ మాట ఎలా అనను? వాళ్లమ్మతో చెప్పించాను. భానుమతి చెబుతూనే ఏడ్చింది. సింధూర ఏడవలేదు. అదే నాకు భయం.

ఏప్రిల్ 21
మందు మానేశాను.

ఏప్రిల్ 25
మూత్రం బిగిసిపోయింది. పొట్ట రాయిలా గట్టిపడింది. హాస్పిటల్లో గొట్టం వేశారు. సింధూర మంచం పక్కన నిలబడి, మీరు మందు మానేస్తే నా బెంగ తీరుతుందా నాన్నగారూ, మీ బెంగ కూడా నేనే పడాలా అంది. మళ్లీ మొదలెట్టాను. నా మందు నేనే తీసుకుంటాను.

జూన్ 16
ఏలూరులో స్కానింగ్. బిడ్డ బాగుందన్నారు. ఆ మందు సంగతి ఒక్కటీ మాత్రం పుట్టాకే తేలుతుందట. మగో ఆడో చెప్పరు, చట్టం ఒప్పుకోదు. ఆడపిల్లని తెలిస్తే ఈ క్షణమే నిద్రపోదును.

ఆగస్టు 18
సీమంతం. వియ్యపురాలు వెంకటనరసమ్మగారు, మనవడే పుట్టాలని గట్టిగా దీవించండి అన్నయ్యగారూ అన్నారు. పుత్రప్రాప్తిరస్తు అన్నాను. లోపల ఆడపిల్ల, ఆడపిల్ల అనుకుంటూనే అక్షింతలు వేశాను. నా మంత్రం ఫలించకూడదని నేనే మొక్కుకోవడం ఇదే మొదలు.

అక్టోబరు 27
మగపిల్లాడు.
అందరూ ముక్కు ఎవరిదో తేలుస్తున్నారు. నేను పొత్తిళ్లు విప్పాను. వంగి దగ్గరగా చూస్తుంటే మొహాన ఉచ్చ పోశాడు. నిటారుగా, ధారగా.
తుడుచుకోలేదు.