తొట్టెల్లో పొత్రం

అమరచింత
అమ్మకు ఈరప్ప దండం. నేను బాగున్నాను. నువ్వు, నీ కోడలు శంకరమ్మ, పసిబిడ్డ బాగున్నారనుకుంటాను.

బిడ్డ కోసం గది సర్దాను. సగం గది మగ్గమే. మిగిలిన మూలకు సున్నం కొట్టి, మగ్గం మీది దూలానికే తొట్టెల కట్టాను. యుద్ధం మూలంగా బజారులో అన్నీ ప్రియం, అందుకని తెగిన పట్టుపోగులతో కుచ్చులు చేసి వేలాడదీశాను. తాడు ఆగుతుందో లేదో అని ఊపి చూస్తుంటే పక్కింటి గురవమ్మ పెద్దమ్మ చూసింది. "ఉత్త తొట్టెల ఊపుతరా కొడుకా? బిడ్డకు మంచిది గాదు. రోట్ల పొత్రమన్న పండవెట్టు" అన్నది. పొత్రాన్ని గుడ్డలో చుట్టి పడుకోబెట్టాను.

సాయంత్రం భీమయ్య మామ వచ్చి, "బిడ్డను వేసేనాడే రాయి పెట్టాలె, గిట్ల ముందుగాల పెడ్తరా?" అన్నాడు. తీద్దామంటే, నేను నేసినప్పుడల్లా దూలం కదిలి ఉత్త తొట్టెల దానంతటదే ఊగుతుంది. నేత ఆపితే పూట గడవదు. మొదటి బిడ్డ పోయినప్పటి నుంచి నాకు ఎవరేమన్నా భయమే. రాయి ఉంచాలా తీయాలా, వెంటనే రాయించు.

వాళ్లను తీసుకొచ్చేటప్పుడు తొట్టెల్లో పరవడానికి మెత్తబడిన నీ పాత చీర తే. బర్రె ఈనిందా? బిడ్డ ముక్కు ఎవరి పోలిక? బిడ్డకు నా దీవెనలు.

శంకరమ్మకు ఈ సంగతి చెప్పకు. పొద్దున ఈగలు ముసురుతున్నాయని ఆ రాయి మీద నా కండువా కప్పాను. రాయిని ఈగలేం చేస్తాయి, ఎందుకు కప్పానో నాకే తెలియదు.