వరండాకంతా చెప్పి నాకు చెప్పనన్న సంగతి

గోదావరిఖని,
తేది: 9-1-2012.

ఉపకేంద్రం అధికారి గారికి,
మాజీ సైనికుల సహాయ ఉపకేంద్రం.

అయ్యా,

విషయం: మాజీ సైనికుడు శ్రీ ఎల్లేశం గారి వైద్య బోర్డు తేదీని, ఫైలు వివరాలను ఆయన కోరిన మనిషికి, అనగా నాకు, తెలియజేయుట గురించి.

నేను ఎయిట్ ఇంక్లైన్ కాలనీ నివాసిని. బి.కాం. చదివాను. ఎల్లేశం గారు మా పక్కింట్లో ఒంటరిగా ఉంటారు. రక్తసంబంధం లేదు. బాబాయి వరసన కాక అని పిలుస్తాను. ఆ పిలుపుకు ధ్రువపత్రం కావాలని తమ కార్యాలయానికి వచ్చాకే తెలిసింది.

1. కాక సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేశారు. ఆ మోతకు దెబ్బతిన్న చెవులు ఇప్పుడు రెండూ మిషను లేకుండా ఏమీ వినబడనంతగా పోయాయి. ఆయనకు ఏదైనా చెప్పాలంటే పలక మీద పెద్ద అక్షరాలతో రాయాలి. చదువుకుని నోటితో జవాబు చెబుతారు. బుద్ధికి ఏ లోటూ లేదు. తమ సిబ్బంది చెవిటితనాన్ని తెలివితక్కువతనం కింద జమకట్టినట్టు కనబడుతున్నందున ఈ మాట రాయవలసి వచ్చింది.

2. చెవి మిషను, వైద్యం కార్డు రావాలంటే ఆయన హైదరాబాదులో వైద్య బోర్డు ఎదుట హాజరు కావాలి. మొదటి పిలుపు సకల జనుల సమ్మె రోజుల్లో వచ్చింది. బస్సుల్లేవు, రైళ్లు కూడా ఆపిన రోజులవి. ఫైల్లో మాత్రం 'గైర్హాజరు' అని పడింది. రెండోసారీ పోకపోతే ఫైలు మూసేస్తారట. రెండో పిలుపు వచ్చిందని అటెండరు బిక్షం గారు చెప్పారు కానీ తేదీ చెప్పలేదు. ఉత్తరాలు ఇంటికి రావు. ఫైల్లో ఉన్నది ఆయన సొంత ఊరి చిరునామా, ఆ ఊరు ఇప్పుడు ఓపెన్‌కాస్టు బొగ్గుగని గోతిలో ఉంది. చిరునామా మార్చండని అడిగితే ఆ ఊరి సర్పంచి సంతకం తెమ్మన్నారు.

3. అందువల్ల తన వివరాలు నాకు చెప్పవచ్చని కాక స్వయంగా రాసి సంతకం చేశారు. మొన్న డిసెంబరులో ఇద్దరం ఆ కాగితం పట్టుకుని వచ్చాము. సీనియర్ అసిస్టెంటు వామనరావు గారు దాన్ని చదివిన తర్వాత జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు మనవి చేస్తున్నాను.

"ఏమైతడు నీకు?"

"కాక, సార్."

"సొంత కాకనా?"

"పక్కింటి కాక."

"పక్కింటోళ్లకు, ఎదురింటోళ్లకు చెప్పుకుంట పోతే ఇది ఆఫీసా, చాయ్ హోటలా? డిగ్రీ చదివినవంటున్నవ్. మంచిగ పెండ్లి చేసుకోక ముసలోని ఫైలెనుక ఎందుకు పడ్డవ్ పిల్లా? ఏం రాసిస్తనన్నడు నీకు?"

వరండాలో ఎవరో నవ్వారు. ఆయన ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెబుతున్నాను. నేను పదో తరగతిలో ఉండగా మా నాయన గనిలో దెబ్బ తగిలి దవాఖానలో పడ్డాడు. అవ్వ ఆయన దగ్గరే ఉండేది. ఆ నెలలన్నీ చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి నన్ను ఇంటికి తోలుకొచ్చింది కాకనే. ఈ పిల్లకు నువ్వేమైతవని ఆయనను ఎవరూ అడగలేదు.

4. సంతకం చాలదట. సమ్మతిని నోటితో అడిగి నోటితోనే చెప్పించుకోవాలట. వామనరావు గారు ముఖం ఫైల్లోంచి ఎత్తకుండానే, "ఈ పిల్లకు చెప్పమంటవా, వద్దంటవా?" అని అడిగారు. కాక కిటికీ వైపు చూస్తున్నారు. అదే ప్రశ్న నేను పలక మీద రాయబోతే, "లోపల పెట్టు. ఇదేమన్న బడా?" అన్నారు. తరువాత ఫైల్లో ఇలా రాశారు: 'మౌఖికముగా అడుగగా అర్జీదారు జవాబు ఇవ్వలేదు. సమ్మతి రుజువు కాలేదు.' చెవులు పోయాయని సాయం కోరి వచ్చిన మనిషికి, వినబడలేదన్న నేరం మీద సాయం ఆపారు.

5. వివరాలు రహస్యమనీ, ఆయనకొక్కరికే చెబుతామనీ నన్ను గేటు బయటికి పంపారు. పోయాను. రహస్యం నా వెనకాలే గేటు దాటి వచ్చింది. "నీకు ఫలానా రోగం ఉన్నదని రాసిండ్రు! నిజమేనా? ఇన్నవా ముసలాయనా, ఫలానా రోగం!" ఫలానా అన్న చోట వామనరావు గారు ఏమని అరిచారో ఈ అర్జీలో రాయను. తమరికి తెలుసుకోవాలనిపిస్తే ఆ రోజు వరండాలో కూర్చున్న వారెవరైనా చెబుతారు. చాయ్ బండి ఎల్లన్నకు కూడా తెలుసు. వినబడనిది కాకకు ఒక్కరికే. గేటు ఊచల్లోంచి చూశాను, ఏదో మంచి వార్త అనుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. ఆ దండం చూసి వామనరావు గారు నవ్వారు. అయ్యా, అర్జీల్లో ఇటువంటివి రాయరని తెలిసీ రాస్తున్నాను.

6. అంత అరిచినా బోర్డు తేదీ చెప్పలేదు. అది వేరే ఫైల్లో ఉందట, ఆ ఫైలు చూసే మనిషి సెలవులో ఉన్నారట. ఇంటికి రాగానే కాక అడిగారు:

"ఏమన్నడు బిడ్డా? మస్తు సేపు మాట్లాడిండు. మంచోడే గద?"

ఏదో ఒక అబద్ధం రాద్దామని పలక తీశాను. నా ముఖం చూసి, "ఉన్నదే రాయి. నువ్వు ఉన్నది రాస్తవనే గద నిన్ను తోల్కపోయిన" అన్నారు. రాశాను. చదివి, అరచేత్తో తుడిచేశారు.

"అందరిన్నరా?"

తల ఊపాను.

ఆనాటి నుంచి ఆయన గడప దాటలేదు. నేను ఆఫీసు అని రాస్తే పలక వెనక్కి తిప్పి పెడుతున్నారు. నిన్న మాత్రం ఒక మాట అన్నారు: "బోర్డుకు వస్త బిడ్డా. గా వరండకు మాత్రం రాను."

ఆయన ఇక తమ కార్యాలయానికి రారు. తమవారు నాకు చెప్పరు. ఈ మధ్యలో ఆ తేదీ వచ్చి వెళ్లిపోతుంది, ఫైల్లో రెండో గైర్హాజరు పడుతుంది, ఒక మనిషి ఇక జన్మలో ఏమీ వినడు. కావున ఆయన సంతకాన్ని సంతకంగా గుర్తించవలెనని, ఏమైనా అడగవలసి ఉంటే కాగితం మీద అడగవలెనని మనవి. వామనరావు గారిని శిక్షించమని కోరడం లేదు. ఒకసారి మా గల్లీకి వచ్చి, కాక ఎదుట కూర్చుని, పలక మీద ఏదైనా ఒక్క ముక్క రాసి పొమ్మనండి. ఏం రాయాలో ఆయనకే తెలియాలి.

దయతలచి చిత్తగించమని అడగడం లేదు. చిత్తగించడం తమ ఉద్యోగం గనుక అడుగుతున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలినని రాయడానికి ఇంకా ఓపిక మిగిలిన
ఆరెపల్లి సంతోషి

తా.క.: జవాబును బిక్షం గారి నోట పంపకండి, ఆయన గల్లీ మొగదల నుంచే కేకేస్తారు. కవరులో పెట్టి, జిగురు గట్టిగా అంటించి, మీద కాక పేరు, మా కాలనీ పేరు రాయండి. నా పేరు వద్దు. కవరు ఆయనే చింపుకుంటారు. చూపిస్తే చదివి, ఆ రోజుకు హైదరాబాదు బస్సెక్కిస్తాను, నేనూ ఎక్కుతాను. తేదీ ఒక్కటి చెప్పి మిగతాది మడిచి జేబులో పెట్టుకుంటే, అందులో ఏముందని అడగను.