ఏడాదికి రెండంగుళాలు

ఫిబ్రవరి 1996, మంగళవారం, చోడవరం

మొన్న రావికమతం గుట్ట మీద జీపీఎస్ యాంటెన్నా దగ్గరికి చెరకు రైతు అప్పలనాయుడు వచ్చాడు. ఉపగ్రహాలతో నేల కదలికను కొలుస్తున్నామని చెప్పాను.

"నేల కదుల్తాదేటి బాబూ?"

"ఏడాదికి రెండంగుళాలు, ఈశాన్యానికి."

"అటేపు మా తమ్ముడి పొలం. అయితే నా నేల ఆడికి పోతన్నాది!"

రెండు పొలాలూ గట్టుతో సహా కలిసే కదుల్తాయి. ఆ మాట చెప్పలేదు. అతని మొహం చూస్తుంటే సరదాగా ఉంది మరి.

పోయిన నేల వెనక్కి తెచ్చుకోవాలని నిన్న గట్టు తవ్వబోయాడట. తమ్ముడు అడ్డొస్తే గునపంతో కొట్టాడు. తమ్ముడు పోయాడు.

ఇవాళ అప్పలనాయుడి భార్య గుట్టెక్కి వచ్చింది. "నేల కదుల్తాదని మీరే సెప్పేరంట. పోలీసులకి ఓ కాయితం రాసియ్యండి బాబూ."

రాస్తే, అతనికి చెప్పని మిగతా సగమూ రాయాలి. ఎందుకు దాచావంటారు.

"యాంటెన్నాకి దూరంగా నిలబడమ్మా," అన్నాను. "రీడింగు పాడవుతుంది."