కొత్తిమీర కొసరు గురించి ఆదెప్ప మనవి

రైతుబజారు అధికారి గారి సముఖమునకు,
సోమందేపల్లి మండలం, వంకాయ రైతు ఆదెప్ప వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పక్క దుకాణదారు కుమారస్వామి కొసరుగా కొత్తిమీర ఇచ్చుట వలన నాకు కలుగుచున్న నష్టము, కడుపుమంట గురించి.

1. సదరు కుమారస్వామి సేద్యము చేయడు. ఊరూరా ఆటోలో తిరిగి కూరగాయలు కొని, రైతుల వరుసలో కూర్చొని అమ్మును. అన్ని రకాలూ ఉండుటచే, ఏది కొన్నా గుప్పెడు కొత్తిమీర ఊరికే వేయును. నా తోటలో కాచేది వంకాయ ఒక్కటే. కొసరుకు ఇంకో వంకాయ వేస్తే, "వంకాయతో తాలింపు పెట్టుకోవాల్నా అప్పా?" అని ఒకామె అతని దగ్గరికే పోయినది.

2. పోటీగా నేను కరివేపాకు ఇవ్వసాగితిని. వారం తిరిగేసరికి మా ఇంటి చెట్టు మోడైనది. నా భార్య యశోద ఇప్పటికీ ఆ చెట్టును చూసినప్పుడల్లా నన్ను తిట్టుచున్నది.

3. సదరు వ్యక్తి నవ్వు. తెలుగువాళ్లతో తెలుగు, కన్నడమువాళ్లతో కన్నడము మాట్లాడి అందరినీ నవ్వించును. ఒకనాడు యశోద కూడా నవ్వినది. అడిగితే, "ఆయప్ప నవ్వుతా అమ్ముతాడు. నువ్వు కొనేవాళ్లను అప్పులోళ్లను చూసినట్ల చూస్తాండావు" అన్నది. ఆ పూట నాకు అన్నము సహించలేదు.

4. విసిగి బజారుకు రావడమే మానుకొన్నాను. ఇప్పుడు నా కాయలు తోట దగ్గరే అమ్ముచున్నాను. కొనేది ఆ కుమారస్వామే. మొన్న ధర్మవరం పోతూ బజారులో తొంగిచూడగా, నాడు నన్ను కాదని పోయిన ఆమె నా వంకాయలే ఏరుకుంటూ, "కుమారన్నా, నీ వంకాయల రుచి ఇంగెవరికీ రాదు" అన్నది. వాడు కాదనలేదు సార్! నవ్వినాడు. నీళ్లు కట్టింది నేను, పురుగు ఏరింది నేను, పేరు వానిదా?

కావున అతని దుకాణం తీసివేయమని కోరను. "ఇవి ఆదెప్ప తోట వంకాయలు" అని ఒక బోర్డు మాత్రము అక్కడ పెట్టించగలరని ప్రార్థన. నా కడుపుమంటను కూడా కష్టముగానే ఎంచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆదెప్ప

తా.క.: బోర్డు నేను అడిగినానని వానికి తెలియనీయొద్దు సార్. రేపు పొద్దున కాయలు కోస్తాండాము, ఆటో రాకపోతే తోటలోనే వాడిపోతాయి. వచ్చేటప్పుడు ఇంత కొత్తిమీర తెమ్మని యశోద వానికి చెప్పి పెట్టింది.