పాస్క్వాలేకి ఒక పళ్లెం

వాల్డార్ఫ్,
ఫిబ్రవరి 11

చిరంజీవి విశ్వతేజకి,

మేనత్త బాలామణి ఆశీస్సులు. మాగ్డెబర్గ్ చలిలో చెవులు కప్పుకునే తిరుగుతున్నావని నమ్మి మొదలుపెడుతున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకోకు. మీ నవ్యశ్రీ వదిన నా మెసేజ్‌లన్నీ ఇంట్లో ట్యాబ్‌లో కూడా కనపడేలా పెట్టింది. ఆ ట్యాబ్ తెలుగుని జర్మన్‌లోకి మార్చి అల్లుడు రోకోకి చదివి వినిపిస్తుంది. 'అల్లుడి వంటలో ఉప్పూ లేదు, కారమూ లేదు' అని మొన్న మా ఆడపడుచుకి పంపానా, మర్నాడు పొద్దున్న ఆ అబ్బాయి ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి దణ్ణం పెట్టాడు. నా చేతిరాత మాత్రం ఏ యంత్రానికీ లొంగదు. మునిసిపాలిటీ జనన మరణాల సెక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు రాసిన రాత.

విషయానికి వస్తాను. ఏప్రిల్ మధ్యలో వదిన పురుడు. నా వీసా తొంభై రోజులు. ఈలోపు మనవడికి మీ మామయ్య పేరు పెట్టించి, ఇక్కడి ష్టాండెసామ్ట్‌లో, అంటే వీళ్ల జనన మరణాల సెక్షన్‌లో, ఎక్కించి, ఎక్కిన కాగితం కళ్లతో చూసి విమానం ఎక్కాలి. ఆయన పోయి మూడేళ్లు. ఆయన పేరు ఆఖరిసారి రాసింది మరణాల రిజిస్టర్‌లో. అక్కడితో ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. జననాల పుస్తకంలోకి మళ్లీ రావాలి.

చిక్కేమిటంటే, అల్లుడి తల్లిదండ్రులు డొమెనికో, కార్మెలా ప్రతి ఆదివారం మాన్‌హైమ్ నుంచి వస్తారు. ఇటలీలో పేర్లకి ఒక వరస ఉంటుందని మొన్న వియ్యంకుడు మాటల్లో అన్నాడు. ఆ వరసేమిటో, అందులో మీ మామయ్యకి సందెక్కడుందో కనుక్కుని రాయి. చదువుకున్నవాడివి.

ఇట్లు,
బాలామణి

తా.క. మగపిల్లాడేనా అని అడక్కు. స్కాన్‌లో ఏం చూశారో వాళ్లిద్దరూ చెప్పరు, సర్‌ప్రైజ్ అంటారు. నాకు స్కాన్ అక్కర్లేదు. నడక చూస్తే తెలుస్తుంది.


మాగ్డెబర్గ్,
ఫిబ్రవరి 19

మహాలక్ష్మీ సమానురాలైన అత్తయ్య గారి పాదాలకు,

హాస్టల్ గది నంబరు 412 నుంచి మేనల్లుడు విశ్వతేజ సాష్టాంగపడి చేయు విన్నపము. గది ఇరుకు కావడం వల్ల సాష్టాంగం సగమే పడింది, క్షమించగలరు.

మీ ఆజ్ఞ అందగానే నా థీసిస్‌ని పక్కన పెట్టాను. అది అంతకు ముందూ పక్కనే ఉంది. మూడు రోజులు లైబ్రరీలో కూర్చుని ఇటలీ వంశవృక్షాల శాస్త్రాన్ని మథించగా తేలినది ఇది.

మొదటి మగపిల్లాడికి తండ్రి వైపు తాత పేరు. రెండోవాడికి తల్లి వైపు తాత పేరు. అలాగే మొదటి ఆడపిల్లకి తండ్రి వైపు మామ్మ, రెండో అమ్మాయికి తల్లి వైపు అమ్మమ్మ. దక్షిణాదిలో మరీ పట్టింపట. వంశాలు వెతికేవాళ్లు దీన్ని పట్టుకునే పని చేస్తారు. పిల్లల పేర్లు పుట్టిన వరసలో రాసుకుంటే చాలు, తాతలూ మామ్మలూ వాళ్లంతట వాళ్లే బయటికి వస్తారు. మనింట్లోలాగా పెద్దాయన పోయేదాకా ఆగరు, ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే పెట్టేస్తారు. ఒక పిల్లాడు పోతే తర్వాత పుట్టినవాడికి మళ్లీ అదే పేరు.

దీన్ని బట్టి మీ మనవడి పేరు డొమెనికో. మామయ్యకి సందు ఉంది, కానీ అది రెండో మగపిల్లాడి దగ్గర ఉంది. తొంభై రోజుల వీసాలో రెండో మగపిల్లాడు సాధ్యపడడని సైన్సు విద్యార్థిగా బాధతో తెలియజేసుకుంటున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
విశ్వతేజ

తా.క. ఒక చిన్న సందేహం. మామయ్య పేరు మీరు జన్మలో పలకలేదు. ఉత్తరంలో కూడా 'మీ మామయ్య' అనే రాశారు. రేపు వాడికి కమలాకర్ అని పెట్టాక, వాడు ట్రామ్ పట్టాల మీదికి పరిగెత్తితే ఏమని కేకేస్తారు?


వాల్డార్ఫ్,
ఫిబ్రవరి 27

చిరంజీవి విశ్వతేజకి,

దీవెనలు. వాల్డార్ఫ్‌లో ట్రామ్ లేదు. ఉన్నా నేను కేకెయ్యను, వెనకాల పరిగెత్తి పట్టుకుంటాను. నా సంగతి నేను చూసుకుంటాను, నువ్వు అడిగినదానికి జవాబు చెప్పు.

వరస ఉందన్నావు. ఉంటే ఉండనీ. నా సర్వీసులో వరస తప్పని పుస్తకం ఒక్కటీ చూడలేదు. ముందు వీళ్లింట్లో ఆ వరస నడిచిందో లేదో తేల్చు. మొన్న ఆదివారం వియ్యపురాలి చేత ఆల్బమ్ తెప్పించి, ఫొటోల వెనక రాసి ఉన్నవన్నీ వంటింట్లో నిలబడి ఎత్తి రాశాను.

డొమెనికో తండ్రి పేరు పాస్క్వాలే. కలాబ్రియాలో పల్లెటూరు. డొమెనికోకి ముగ్గురు తమ్ముళ్లు, అందరూ ఆ ఊళ్లోనే. ముగ్గురికీ పెద్దకొడుకు పాస్క్వాలేయే. పండక్కి వీధిలో నిలబడి ఒక్కసారి పిలిస్తే ముగ్గురూ వస్తారన్నమాట. కార్మెలా తండ్రి పేరు రోకో. డొమెనికో కార్మెలాలకి సంతానం మన అల్లుడు ఒక్కడే.

చూసి రాయి. రోజులు నడుస్తున్నాయి.

ఇట్లు,
బాలామణి

తా.క. రాస్తుంటే వదిన వచ్చి అదేమిటమ్మా అంది. మీ అత్తగారి లాసాన్యా పద్ధతి రాసుకుంటున్నానన్నాను. ఈ ఆదివారం అందరికీ లాసాన్యా నేనే చెయ్యాలట.


మాగ్డెబర్గ్,
మార్చి 6

జనన మరణాల అధిదేవత అయిన అత్తయ్య గారికి,

కూర్చుని చదవండి. మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.

మీరు పంపిన పేర్లు వరసలో పెట్టి నాలుగుసార్లు చూశాను. డొమెనికో గారి మొదటి కొడుక్కి ఉండాల్సిన పేరు పాస్క్వాలే. తమ్ముళ్లు ముగ్గురూ అలాగే పెట్టుకున్నారు, అంటే ఆ ఇంట్లో వరస ఉక్కులాంటిది. కానీ మన అన్నయ్య పేరు రోకో. రోకో ఎవరి పేరు? కార్మెలా గారి తండ్రిది. తల్లి వైపు తాత పేరు ఎన్నోవాడికి పెడతారు? రెండోవాడికి.

అత్తయ్యా, రోకో అన్నయ్య రెండో కొడుకు. మొదటివాడు ఎక్కడ?

పోయాడేమో అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పోయి ఉంటే, శాస్త్రం ప్రకారం తర్వాత పుట్టిన అన్నయ్యకి పాస్క్వాలే అనే మళ్లీ పెట్టేవాళ్లు. పెట్టలేదు. కాబట్టి అన్నయ్య పుట్టేనాటికి పెద్దవాడు నిక్షేపంలా ఉన్నాడు. ఇప్పుడూ ఎక్కడో ఉండి ఉంటాడు. మీ వియ్యాలవారు ఒక మనిషిని దాచిపెట్టారు.

ఇందులో మనకొక మేలు కూడా ఉంది. ఆ పెద్దాయనకి కొడుకు ఉంటే డొమెనికో పేరు అక్కడ పెట్టేసి ఉంటారు. వియ్యంకుడి గారి ముచ్చట తీరిపోయినట్టే. మామయ్యకి దారి ఖాళీ.

ఇట్లు,
సత్యాన్వేషి,
విశ్వతేజ

తా.క. నా గదిలో ఉండే హైదరాబాద్ అమాన్‌కి ఇదంతా చెప్పాను. వాడు తింటున్న బిర్యానీ ఆపి, 'భాయ్, పొట్టలో పోరడు ఇంకా బయటికే రాలే, నువ్వు వాడి పెదనాన్న మీద ఎఫ్ఐఆర్ రాస్తున్నవ్' అన్నాడు. శాస్త్రం తెలియనివాళ్లతో ఇదే ఇబ్బంది.


వాల్డార్ఫ్,
మార్చి 18

విశ్వతేజకి,

ఈసారి దీవెనలు ఆఖర్న, మిగిలితే.

మొన్న ఆదివారం వదినకి సీమంతం చేశాను. గాజులు, పసుపు, పులిహోర. కార్మెలా తనూ గాజులు వేయించుకుని మురిసిపోయింది. భోజనాలకి మేం ఐదుగురం. నేను ఆరో పళ్లెం పెట్టాను.

ఇది ఎవరికి అని డొమెనికో అడిగాడు. నా వచ్చీరాని జర్మన్‌లో జవాబు ముందే కూడబలుక్కుని ఉన్నాను.

"పాస్క్వాలేకి. మీ పెద్దబ్బాయిని దాచక్కర్లేదు. ఏ ఇంట్లో అయినా ఉంటాయి ఇలాంటివి. పిలిపించండి, తిని వెళ్తాడు."

వదిన నా మోచెయ్యి గిల్లింది. అల్లుడు కళ్లు మూసుకున్నాడు. ఆ పెద్దమనిషి ఫోర్కు పక్కన పెట్టి, కోటు కూడా వేసుకోకుండా బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు. దొరికిపోయాడనే అనుకున్నాను.

కార్మెలా నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి చెప్పింది. పెద్దకొడుకూ లేడు, చిన్నకొడుకూ లేడు. రోకో ఒక్కడే. డొమెనికో తండ్రి మాట కాదని జర్మనీ వచ్చేశాడట. ఆ కోపంతో ముసలాయన కొడుకు పెళ్లికి రాలేదు. ఈయన అంతకన్నా మొండి. కొడుకు పుట్టగానే, కావాలని, వరస తప్పించి మామగారి పేరు పెట్టాడు. వాళ్లూళ్లో అది తండ్రిని సంతలో నిలబెట్టి కొట్టినట్టేనట. తండ్రీ కొడుకులు మళ్లీ మాట్లాడుకోలేదు. ఐదేళ్లకి ముసలాయన పోయాడు. ఈయన అంత్యక్రియలకీ వెళ్లలేదు, తమ్ముళ్ల గడపా తొక్కలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో పాస్క్వాలే అన్న మాట ఎవరూ ఎత్తలేదు, నా పళ్లెం ఎత్తేదాకా.

కాసేపటికి డొమెనికో లోపలికి వచ్చాడు. ఆ ఆరో పళ్లెం తన ముందుకి లాక్కున్నాడు. పులిహోర వడ్డించుకున్నాడు.

"మనవడు పుడితే పాస్క్వాలే," అన్నాడు.

అంతకు ముందు పేరు పిల్లల ఇష్టం అనేవాడట. ఇంత చేసిన శాస్త్రం నీది. అయినా నేను తగ్గను. ఆయనకి తండ్రి అయితే, నాకు మొగుడు.

దీవెనలు. కొద్దిగా.
బాలామణి

తా.క. రెండు పళ్లేల పులిహోరా ఆయనే తిన్నాడు. పోటీ సంగతి అలా ఉంచితే, తిండి దగ్గర మర్యాద తెలిసిన మనిషి.


మాగ్డెబర్గ్,
మార్చి 26

అత్తయ్య గారికి,

తలవంచుకుని రాస్తున్నాను. అక్షరాలు కిందికి జారితే అందుకే.

నా లెక్కలో తప్పు లేదు, అదే నా బాధ. వరస ఎక్కడ తెగితే అక్కడ ఒక మనిషిని ఊహించుకోమని శాస్త్రం. ఊహించాను. అక్కడ ఉన్నది ఒక కోపమని నాకేం తెలుసు? కోపాలకి జనన ధ్రువపత్రాలు ఉండవు కదా.

నా నుంచి మూడు రాజీ మార్గాలు. ఒకటి, పాస్క్వాలే కమలాకర్. రెండు, కమలాకర్ పాస్క్వాలే. మూడు, మీరిద్దరూ కూర్చుని తేల్చుకునేదాకా పిల్లాణ్ని 'బాబు' అనడం. మన వీధిలో ఒకాయన బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యేదాకా బాబుగానే ఉన్నాడు.

అడగకూడని మాట ఒకటి అడుగుతాను. ఇన్ని ఉత్తరాల్లో ఎవరమైనా వదినని అడిగామా?

డొమెనికో గారికి నా క్షమాపణలు ఇటాలియన్‌లో రాసి జతచేశాను. యంత్రం రాసింది. సంతకం నాది.

ఇట్లు,
శాస్త్రం మానేసిన
విశ్వతేజ

తా.క. థీసిస్ ఎంతవరకు వచ్చిందని మా ప్రొఫెసర్ అడిగారు. ఇంట్లో పురుడు అన్నాను. నాకు అభినందనలు చెప్పి రెండు నెలలు గడువిచ్చారు. ఇప్పుడు ఆయనకి నిజం ఎలా చెప్పను?


వాల్డార్ఫ్,
ఏప్రిల్ 25

చిరంజీవి విశ్వతేజకి,

నిండుగా ఆశీస్సులు. ఏప్రిల్ పదిహేడున వదిన ప్రసవించింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆడపిల్ల.

నవ్వింది చాలు, చదువు. ఆడపిల్ల అని వాళ్లిద్దరికీ జనవరిలోనే తెలుసు. నేను నడక చూసి మగపిల్లాడంటుంటే ఊ కొట్టారు. అంతటితో అయిందా? నీ ఉత్తరాలన్నీ బియ్యం డబ్బాలో దాచానా, ఈ ఇంట్లో బియ్యం పోసేది ఎవరనుకున్నావు? మొదటి ఉత్తరం నుంచీ వదిన చదువుతోంది. చదివి రోకోకి జర్మన్‌లో చెబుతోంది. నీ సాష్టాంగం సగమే పడిన సంగతి మాన్‌హైమ్ దాకా తెలుసు.

ఆస్పత్రిలో పేరు రాయాల్సిన కాగితం వచ్చింది. మంచానికి అటు డొమెనికో, ఇటు నేను. ఆడపిల్ల అనేసరికి ఇద్దరం చేతుల్లో ఏమీ లేకుండా నిలబడ్డాం. వదిన పెన్ను తీసుకుని రాసేసింది. బాలామణి కార్మెలా.

నాకు కోపం వచ్చింది. బతికున్నదాని పేరు పెడతారా, నేను పోయాననుకున్నావా అన్నాను.

"ఇటలీలో ఎదురుగా కూర్చుని ఉండగానే పెడతారటగా అమ్మా. నీ మేనల్లుడే రాశాడు," అంది.

మరి వరసలో కార్మెలా ముందు రావాలి కదా అన్నాను. ఆ వరస మొదటిసారి తప్పించింది మా మామగారే, రెండోసారి తప్పిస్తున్నది నేను అని జర్మన్‌లోనే అంది. డొమెనికో తలొంచుకుని నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

మంగళవారం ష్టాండెసామ్ట్‌లో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. రిజిస్టర్ చూపించమన్నాను. పుస్తకం లేదు, సిరా లేదు, అంతా కంప్యూటర్. కౌంటర్‌లో ఆవిడ తెర ఇటు తిప్పి చూపించింది. నా పేరు ఉంది. మీ మామయ్య పేరు లేదు. రిజిస్టర్‌లో ఎక్కని మనిషి లేనట్టే అని ముప్పై ఒక్క ఏళ్లు కౌంటర్ దగ్గర ఎందరికో చెప్పినదాన్ని. తిన్నగా ఇంటికి వచ్చాను.

సాయంత్రం వదిన పిల్లని నా ఒళ్లో పెట్టింది. పెద్దవాళ్ల పేరున్న పిల్లని ఆ పేరుతో కేకెయ్యకూడదని నువ్వే కదమ్మా చెప్పావు, అందుకని ఇంట్లో పిలవడానికి వేరే పేరు అనుకున్నాం అంది. రోకో నేర్చుకుని ఉన్నాడు, ముందు అతనే పిలిచాడు. కమల.

నేను పళ్లెం పెట్టి డొమెనికో చేత తండ్రి పేరు పలికించానట. అందుకు బదులట ఇది.

రిజిస్టర్‌లో ఉన్న పేరు అక్కడే ఉంటుంది. ఈ పేరు రోజుకి వందసార్లు ఇంట్లో తిరుగుతుంది. వియ్యంకుడు వచ్చే వారం కలాబ్రియా వెళ్తున్నాడు, తమ్ముళ్ల దగ్గరికి. స్టేషన్‌కి పాస్క్వాలేలు ముగ్గురూ వస్తారట. పులిహోర కట్టిస్తున్నాను. నేను మే నాలుగున బయల్దేరతాను. ఈలోపు వచ్చి పిల్లని చూడు. మీ ప్రొఫెసర్‌కి ఫొటో చూపించు, నిజం అదే తెలుస్తుంది.

నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు వేసుకుని నేనూ పిలిచాను. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లకి, సగమే అయినా.

ఇట్లు,
పెద్ద బాలామణి

తా.క. పలకలేదు. మీ మామయ్యా అంతే, మొదటి పిలుపుకి ఏనాడూ పలికేవారు కాదు.