మసక బొమ్మ

చిట్టీ,

ఫోన్లో చెబితే మీ అన్నయ్య వింటారని ఉత్తరం రాస్తున్నాను. "వీడియో కాల్లో అన్నయ్య మసకగా కనిపిస్తున్నాడు, మీ లినక్స్ కంప్యూటర్లో వైఫై సంగతి చూడు" అన్నావుగా. నువ్వు చెప్పినట్టే రూటర్ని ఇనప బీరువా వెనక నుంచి తీశాను, వైఫై పవర్ సేవింగ్ ఆపేశాను. ఏమీ మారలేదు. చివరికి, కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ఫైల్లో నెట్ వేగాన్ని తగ్గించే లైను ఒకటి దొరికింది. రాసింది ఆయనే, మందులకి జుట్టు రాలడం మొదలైన వారంలో. అడిగితే, "చిట్టికి నా గొంతు వినబడితే చాల్లే" అన్నారు.

మనిషి సగమయ్యారు చిట్టీ. నీకు తెలియకుండా దాచడం నావల్ల కాదు. ఉత్తరం అందిందని మెసేజ్ పెట్టు, ఆ రోజే ఆ లైను తీసేస్తాను. ఏడవాల్సిందంతా ముందే ఏడ్చేసి ఫోన్ చెయ్యి.

వదిన