బోర్డు కింద రాయాల్సిన పేరు

ఢిల్లీ,
ఆదివారం.

నర్సింగన్నకు మంజుల దండాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను, ఫికర్ పడకు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన బీపీ గోళీ మర్చిపోకుండా వేసుకుంటోందా? కిషన్‌బాగ్‌లో నల్లా నీళ్లు వేళకు వస్తున్నాయా? ఇక్కడ చలి చంపుతోంది. పొద్దున తొమ్మిదైనా ఎదురుగా వచ్చే బస్సు కనపడదు. రెండు స్వెట్టర్లు వేసుకుంటున్నాను, ఒట్టు. క్యాంటీన్‌లో రోజూ రాజ్మా, రోటీ. వదిన చేసే పచ్చిపులుసు గుర్తొస్తే ఏడుపొస్తుంది. ఒక డబ్బా మామిడికాయ తొక్కు పంపమని చెప్పు. అయినా బాగానే ఉన్నాను.

ఫోన్లో చెప్పకుండా ఈ ఉత్తరమేంది అనుకుంటున్నావు కదూ? ఏం చేయను, బోర్డు మాట ఎత్తగానే ఫోన్ పెట్టేస్తున్నావు. అందుకే మొదటి నుంచి రాస్తున్నాను. కోపమొచ్చినా చివరిదాకా చదువు.

మా మ్యూజియంలో ఈ కాలపు కళకని ఒక విభాగం ఉంది. నా పని అక్కడే. ఒక వస్తువును లోపలికి తీసుకోవడమంటే పిల్లకు సంబంధం చూసినట్టే అన్నా. ముందు ఫొటోలు వస్తాయి. ఎవరి చేతిలో పుట్టింది, ఎవరెవరి దగ్గర ఉంది, ఎక్కడ పగుళ్లున్నాయి, అన్నీ ఆరా తీస్తారు. తర్వాత పెద్దలంతా కమిటీగా కూర్చుని, ఇది మన దగ్గరే ఎందుకుండాలని వాదించుకుంటారు. కొన్ని కొంటారు, కొన్ని ఎవరైనా ఇస్తే తీసుకుంటారు. అందరూ ఒప్పుకున్నాక రిజిస్టర్‌లో వివరాలు ఎక్కించేది నేను.

పోయిన వారం కమిటీ ముందు ఒక రేకు బోర్డు పెట్టారు. మన జుమ్మేరాత్ బజార్లో పాత సామాను మధ్య ఒకాయనకు దొరికిందట, మ్యూజియానికి ఊరికే ఇస్తానన్నాడట. మీద కప్పిన గుడ్డ తీయగానే గుర్తుపట్టాను. అఫ్జల్‌గంజ్ గొడుగుల దుకాణం బోర్డు! పైన ఉర్దూ, మధ్యలో తెలుగు, కింద ఇంగ్లిష్, పక్కన నువ్వేసిన ఎర్ర గొడుగు. 'దుకాణం' దర్జాగా కూర్చుంది. 'గొడుగుల' మాత్రం ఎడమ మూలకు ఇరుక్కుంది. 'గొ' అయితే పాపం, రేకు అంచుకు అతుక్కుపోయింది.

కమిటీలో ఒక పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "మహానగరంలో చిన్నవాడి భాష ఎట్లా ముడుచుకుపోతుందో ఈ చిత్రకారుడు చూపించాడు" అన్నాడు. అందరూ తలూపారు. పక్కన కూర్చుని రాసుకునేదాన్ని, నోరు మూసుకుని ఉండాల్సింది, నేనుంటానా?

"అదేం కాదు సార్. ఆయన పని నేర్చుకున్నది ఉర్దూ రాసే ఉస్తాద్ దగ్గర. ఆ అలవాటుకొద్దీ తెలుగు కూడా కుడి నుంచే మొదలుపెడతాడు. చివరి అక్షరం ముందు రాస్తాడు. ఎడమకొచ్చేసరికి జాగా అయిపోతుంది" అన్నాను.

"మీకెట్లా తెలుసు?" అని అధ్యక్షురాలు అడిగింది.

"ఆయన మా అన్న మేడమ్."

సొంతవాళ్ల పని చర్చకొస్తే మేము గదిలో ఉండకూడదు. బయటికి పంపేశారు. అరగంట వరండాలో నిలబడ్డాను. చివరికి పిలిచి, తీసుకుంటున్నామన్నారు. సంగతి తెలిశాక ఆ ఇరుకు అక్షరాలు ఇంకా నచ్చాయట. కాని చెల్లెలి మాట ఒక్కటే చాలదు, అది తన పనేనని చిత్రకారుడు సంతకం చేయాలి. చేయకపోతే రిజిస్టర్‌లో 'చిత్రకారుడి పేరు తెలియదు' అని ఎక్కుతుంది.

సంబరంగా ఫోన్ చేస్తే నువ్వేమన్నావు? "చెల్లె, గట్ల రాసుడు నా తప్పు. గానాడు దుకాణం సేఠ్ నన్ను బజార్ల అందరి ముందట గాడిద అన్నడు. గిప్పుడు దాన్ని ఢిల్లీల ఏలాడదీసి కింద నా పేరు రాస్తవా? ఇజ్జత్ తియ్యకు" అన్నావు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

సేఠ్ తిట్టాడు, నిజమే. కాని బోర్డు దించాడా? ఫ్లెక్సీలొచ్చేదాకా దుకాణం మీద అదే ఉంది. వానొస్తే జనం ఆ ఎర్ర గొడుగు చూసే పరుగెత్తుకొచ్చేవాళ్లు. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకల్లా "మా అన్న ఏసిండు" అని చూపించేదాన్ని. నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు కుంచెలు పక్కన పెట్టి ఆటో తోలడం మొదలుపెట్టినప్పటి నుంచి, నీకు బాధని ఇంట్లో ఎవరమూ బోర్డుల మాటే ఎత్తలేదు. ఎత్తాల్సింది అన్నా. తప్పంటే అదీ, మాది.

సంతకం చేయాల్సిన కాగితం ఇందులోనే పెట్టాను. సంతకం చేస్తే నాకు పండగే. వద్దంటే ఖాళీగానే తిప్పి పంపు, ఏమీ అనను. ఈ ఉద్యోగంలో చేరాక 'పేరు తెలియదు' అని ఎంతమందికి రాశానో. నిజంగానే తెలియక రాశాను. నువ్వు సంతకం చేయకపోతే నీ పేజీ మాత్రం పక్క టేబుల్ ఆయనకు ఇచ్చేస్తాను. ఆయనకు నువ్వెవరో తెలియదు, ఆయన రాయొచ్చు. నేను రాస్తే అబద్ధమవుతుంది.

వదినకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పింకీకి ముద్దులు. చిన్నదాన్ని, ఎక్కువ మాట్లాడి ఉంటే దీవించి వదిలెయ్.

నీ చెల్లెలు,
మంజుల